పతాలో ఒక నంబరు: యూఆర్‌ఎల్ తవారీఖ్

కొన్నేళ్ళ కింద ఒక రాత్రి, దస్తర్‌ఖాన్ ఎత్తేసే టైముకు ఫోన్ మోగింది. అవతల ఒక తల్లి. ఆమె కూతురు చదివే స్కూలుకు ఫీజు రసీదుల వెబ్‌సైటు చేసిపెట్టింది నేనే. స్కూల్లో ఎవరో నా నంబరు ఇచ్చారట.

"భాయ్, మా పిల్ల రసీదు తీద్దామని నంబరు కొడితే ఒక అంకె తప్పు పడ్డది. వేరే పిల్లది వచ్చింది. కింద 'ఫీజు మాఫీ' అని ఉంది. ఆ పిల్ల అమ్మీ మా గల్లీలనే ఉంటది. మాఫీ తీసుకున్నట్టు ఆమె ఎవరికీ చెప్పలే. ఇప్పుడు నాకు తెలిసిపాయె." కాసేపు ఆగి, అసలు మాట అడిగింది. "మా రసీదు మీద కూడా అట్లనే రాసుంది. ఇంకెవరన్నా చూసుంటరా?"

నా దగ్గర జవాబు లేదు. చూసి చెప్తాను ఆపా అన్నాను.

లాప్‌టాప్ తెరిచాను. బ్రౌజర్‌లో పైన కనిపించే పతా, అదే యూఆర్‌ఎల్, చివర్లో ఇట్లా ఉంది: రసీదు/చూపు/412. ఆ 412ని 413 చేశాను. వచ్చింది. 414 కూడా వచ్చింది. 1 కొట్టాను. సైటు పెట్టిన మొదటి రోజు కట్టిన ఫీజు రసీదు వచ్చింది. పిల్ల పేరు, అబ్బా పేరు, తరగతి, కట్టిందెంత, మాఫీ ఎంత, అన్నీ. 412 తెమ్మంటే నా ఫంక్షన్ 412 తెచ్చేది. అడుగుతున్నది ఎవరని అది ఎవర్నీ అడగలేదు, ఎందుకంటే అడగమని నేను రాయలేదు.

ఆ గల్తీ నాది, ఇంకెవరి మీదా వేయను. కానీ నిద్ర పట్టక వెతుక్కుంటూ పోతే, ఇదే గల్తీ పెద్ద పెద్ద బ్యాంకులు చేశాయని తెలిసింది. దీని వెనక ముప్పై ఏళ్ళ పైబడిన తవారీఖ్ ఉందనీ తెలిసింది. కంప్యూటర్ కోర్సులు చేస్తున్న మన పిల్లలకూ, స్కాలర్‌షిప్ ఫారాలు ఆన్‌లైన్‌లో నింపుతున్న అమ్మీ అబ్బాలకూ పనికొస్తుందని రాస్తున్నాను. కోడ్ రానివాళ్ళు ఫికర్ పడొద్దు, ఇందులో కోడ్ లేదు.

ముందు ఒక పాత దఫ్తర్‌ని తల్చుకోండి. అర్జీ, దస్తావేజు, రసీదు, ఖాతా, నకలు, మంజూరు, హుకుం... తెలుగులో కచేరీ పని మాటలు చాలావరకు ఉర్దూ, ఫార్సీల దారినే వచ్చాయి కాబట్టి ఊహించుకోవడం ముష్కిల్ కాదు. గుమ్మం దగ్గర ఒక మున్షీ కూర్చుని ఉంటాడు. వచ్చిన చీటీ మీద "రసీదు, చూపు, 412" అని ఉంటే రసీదుల గదికి పంపి, చూపే పని చేసే గుమాస్తా చేతిలో 412 పెడతాడు. వెబ్ ఫ్రేమ్‌వర్క్ భాషలో ఆ మున్షీ రౌటర్. రసీదుల గది కంట్రోలర్. గుమాస్తా చేసే ఒక్కో పని ఒక్కో ఫంక్షన్. అతని చేతిలో పెట్టిన 412 పారామీటర్.

మొదట్లో మున్షీ లేడు, గుమాస్తా లేడు. టిమ్ బర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో 1989లో వెబ్ గురించి ప్రతిపాదన రాశాడు. 1990 చివరికల్లా మొదటి సర్వర్ నడిచింది. అప్పట్లో పతా అంటే చాలావరకు ఫైలు పతాయే. గీతల మధ్య ఉన్నవి ఫోల్డర్ల పేర్లు. ఏ అల్మారా, ఏ అర, ఏ కాగజ్, అంతే.

కానీ అల్మారాలో కాగజ్‌గా లేనిదాన్ని అడిగే జరూరత్ తొందరగానే వచ్చింది. సెర్న్‌లో వెబ్ మొట్టమొదట బాగా పనికొచ్చింది టెలిఫోన్ డైరెక్టరీకి. వేల పేర్లలో ఒక పేరు వెతకాలంటే ఆ పేరు సర్వర్‌కి చెప్పాలి. ఎట్లా చెప్పాలి? పతా అయిపోయాక ? గుర్తు పెట్టి, వెతకాల్సిన మాటలను + తో కలిపి రాయడం అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. సవాల్‌ని మోసే పని సవాల్ గుర్తుకే ఇచ్చారన్నమాట. ఇంత సీదాగా ఆలోచించినందుకు నాకు వాళ్ళంటే ఇష్టం.

ఆ తర్వాతి మలుపు 1993లో అమెరికాలో. ఇలినాయ్ యూనివర్సిటీలోని ఎన్‌సీఎస్‌ఏలో, అంటే మొజాయిక్ బ్రౌజర్ పుట్టిన చోటే, రాబ్ మెకూల్ రాసిన సర్వర్‌తో పాటు సీజీఐ అనే ఒప్పందం బయటికొచ్చింది. సర్వర్ తానే కాగజ్ వెతకకుండా ఒక ప్రోగ్రాముని లేపి, వచ్చిన సవాల్‌ని దాని చేతికివ్వాలి. పతాలో ? తర్వాత ఉన్నదంతా "క్వెరీ స్ట్రింగ్" అన్న పేరుతో ఇస్తుంది. ప్రోగ్రాం పేరు అయిపోయాక కూడా పతాలో ఇంకా గీతలు, ముక్కలు మిగిలితే వాటిని "పాత్ ఇన్ఫో" అన్న పేరుతో ఇస్తుంది. దీన్నిబట్టి ?నంబరు=412 అని రాయడానికీ, /412 అని రాయడానికీ రెండు దారులూ ఆ రోజు నుంచే తెరిచి ఉన్నాయి. పదేళ్ళ తర్వాత "శుభ్రమైన యూఆర్‌ఎల్‌లు" అని కొత్త సరుకులాగా బజారుకొచ్చింది ఈ పాత సరుకే.

కాకపోతే చేతికొచ్చేది ఒకే పొడుగాటి తాడు. & దగ్గర తెంపాలి, = దగ్గర మళ్ళీ తెంపాలి, + ఉన్నచోట ఖాళీ పెట్టాలి, % గుర్తులు విప్పాలి. ప్రతి ప్రోగ్రామరూ ఈ కూలిపని తానే చేసుకునేవాడు, ప్రతివాడూ ఎక్కడో ఒకచోట తప్పు చేసేవాడు. లింకన్ స్టైన్ అనే జన్యుశాస్త్ర పరిశోధకుడు పర్ల్ భాషలో ఈ పని చేసిపెట్టే లైబ్రరీ రాశాక చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. పేరు చెప్తే విలువ ఇస్తుంది, మిగతా తాడు సంగతి అదే చూసుకుంటుంది.

ఆ % గుర్తుల గురించి ఒక మాట చెప్పే పోతాను. యూఆర్‌ఎల్‌లో నేరుగా పోగలిగేవి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే. మన లిపులు పోవాలంటే ఒక్కో అక్షరాన్నీ బైట్లుగా విడగొట్టి, ఒక్కో బైటుకీ % పెట్టి రెండు అక్షరాల కోడ్ రాయాలి. ఇప్పుడు అంతటా నడిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరానికి రెండు బైట్లు, తెలుగు అక్షరానికి మూడు. కాబట్టి "అలీ" అన్న పేరుని ఉర్దూలో ఐన్, లామ్, యే అని పంపితే 18 గుర్తులవుతాయి. అదే పేరు తెలుగులో అ, ల, గుడి దీర్ఘం అని పంపితే 27. వాట్సాప్‌లో తెలుగు వార్త లింకు పంపితే గజం పొడుగున అర్థంకాని పర్సెంట్లు కనిపించేది ఇందుకే. ఎవరూ హ్యాక్ చేయలేదు, ఘాబరా పడొద్దు.

ఇక పీహెచ్‌పీ. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత పేజీ కోసం రాసుకున్న పనిముట్లను 1995 జూన్‌లో జనానికి ఇచ్చాడు. తర్వాత అది భాషగా పెరిగింది, ప్రపంచమంతా పాకింది. నా మొదటి రోటీ కూడా దానిమీదే. అందులో ఒక సౌకర్యం ఉండేది, పేరు రిజిస్టర్ గ్లోబల్స్. పతాలో ?నంబరు=412 అని వస్తే చాలు, ప్రోగ్రాం లోపల "నంబరు" అనే వేరియబుల్ తనంతట తానే పుట్టి, అందులో 412 కూర్చుని ఉండేది. తెంపడం లేదు, విప్పడం లేదు. నేర్చుకునేవాడికి ఇది జాదూ.

జాదూకి ఇంకో వైపు ఉంది. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడూ లోపలి ఖాతా పుస్తకంలో తనకిష్టమైన పేరుతో గీత గీయగలడు. ప్రోగ్రాం ఎక్కడో "పాస్‌వర్డ్ సరిగ్గా ఉంటే అధికారి అనే వేరియబుల్‌లో 1 పెట్టు" అని రాసుకుంటుంది. మొదట్లో దాన్ని సున్నా చేయడం మర్చిపోయారనుకోండి. బయటివాడు పతా చివర ?అధికారి=1 అని తగిలించి నేరుగా లోపలికొస్తాడు. తాళం పగలగొట్టక్కర్లేదు, తలుపు మీద "నేను యజమానిని" అని సుద్దతో రాసుకుంటే చాలు. 2002 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0 వెర్షన్ నుంచి ఈ సౌకర్యాన్ని మామూలుగా ఆపేసి ఉంచడం మొదలుపెట్టారు. పూర్తిగా తీసేసింది 2012లో, 5.4 వెర్షన్‌లో. మధ్యలో పదేళ్ళు. పాత సైట్లు పనిచేయడం మానేస్తాయని ఎంతోమంది దాన్ని మళ్ళీ ఆన్ చేసుకుని బతికారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పటికి కంట్రోలర్ అనే మాటకు వయసు ఇరవై దాటింది. నార్వే దేశస్థుడు ట్రిగ్వే రీన్స్‌కౌగ్ 1979లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో ఉన్నప్పుడు మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే విభజనను ఆలోచించాడు. వెబ్ పుట్టడానికి పదేళ్ళ ముందు సంగతి అది. ఆయన మనసులో ఉన్నది స్క్రీన్ ముందు కూర్చున్న ఒక మనిషి, అతని కీబోర్డు, అతని మౌస్. అక్కడ అడుగుతున్నది ఎవరన్న సవాలే రాదు, కుర్చీలో ఉన్నవాడే అడిగేవాడు. వెబ్‌వాళ్ళు ఆ మాటను అరువు తెచ్చుకున్నప్పుడు కుర్చీ పోయింది. గుమ్మం ముందు దునియా అంతా క్యూలో నిలబడింది.

2003, 2006 మధ్య పుట్టిన ఫ్రేమ్‌వర్క్‌లే ఇప్పటి పద్ధతిని స్థిరం చేశాయి. అమెరికా కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక ఆఫీసులో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో మొదలుపెట్టిన పని 2005 జూలైలో జాంగో పేరుతో బయటికొచ్చింది. పత్రికవాళ్ళకి తారీఖులతో పని. అందుకే పతాలో సంవత్సరం, నెల, వార్త పేరు ఏ వరసలో ఉంటాయో ఒక జాబితా రాసి పెడితే, వచ్చిన పతాని దానితో సరిచూసి, ఆ ముక్కలను కోసి ఫంక్షన్‌కి వరసగా అందిస్తుంది. జాంగోవాళ్ళు ఆ ఫంక్షన్‌ని వ్యూ అంటారు. పేర్ల పంచాయితీ వదిలేయండి, పని అదే. 2017 డిసెంబర్‌లో వచ్చిన 2.0లో ఇంకో మంచి పని చేశారు. ఇక్కడ పూర్ణ సంఖ్యే రావాలి అని జాబితాలోనే సులువుగా రాయొచ్చు. నంబరు ఉండాల్సిన చోట ఎవరైనా అడ్డమైన రాతలు రాస్తే మున్షీ గుమ్మం దగ్గరే వాపస్ పంపేస్తాడు, గుమాస్తా దాకా రానివ్వడు.

డెన్మార్క్ కుర్రాడు డేవిడ్ హైనమియర్ హాన్సన్ 2004లో ఇచ్చిన రైల్స్ దారి వేరు. జాబితా ఎందుకు, రివాజు పెట్టుకుందాం అన్నాడు. మొదటి ముక్క కంట్రోలర్, రెండోది పని, మూడోది ఐడీ. 2006 ఫిబ్రవరిలో ఎలిస్‌ల్యాబ్ నుంచి వచ్చిన కోడ్‌ఇగ్నైటర్ ఇదే రివాజుని పీహెచ్‌పీకి తెచ్చింది. మూడో ముక్క నుంచి మిగిలినవన్నీ ఫంక్షన్‌కి వరసగా పారామీటర్లవుతాయి. దాని మొదటి వెర్షన్లు ? దారిని మామూలుగా మూసే ఉంచాయి, గీతల దారే చాలన్నట్టు. తేలిక, చిన్నది, చవక సర్వర్ మీద కూడా నడుస్తుంది. నాలాంటి చిన్న ప్రోగ్రామర్లకు అది నేమత్. ఆ స్కూలు సైటు దానిమీదే చేశాను. "చూపు" అనే ఫంక్షన్ రాసి, బ్రాకెట్లో "నంబరు" అని పెట్టాను. 412 నడుచుకుంటూ వచ్చి అందులో కూర్చుంది. ఎంత ఖుష్ అయ్యానో ఇప్పటికీ గుర్తుంది.

ఇక్కడే ఆ ఫ్రేమ్‌వర్క్‌ల మీద నాకొక షికాయత్ ఉంది. తాడు తెంపుకునే రోజుల్లో ఇది బయటినుంచి వచ్చిన చీటీ అని చేతులకు తెలిసేది. ఫంక్షన్ బ్రాకెట్లో నీటుగా కూర్చున్న నంబరుని చూస్తే అది మన ఇంటి మనిషిలాగే కనిపిస్తుంది. నా ప్రోగ్రాంలోనే ఇంకో మూల నుంచి వచ్చినట్టు ఉంటుంది. తర్వాత వచ్చిన లారవెల్ లాంటివి ఇంకో అడుగు వేశాయి. 412 అని వస్తే నంబరు కూడా ఇవ్వవు, డేటాబేస్‌కి పోయి ఆ రసీదునే తెచ్చి చేతిలో పెడతాయి. హక్కు చూడ్డానికి అవి వేరే ఏర్పాటు ఇస్తాయి, నిజమే. కానీ ఆ ఏర్పాటు వాడాలని గుర్తుండాల్సింది మనకు.

పతాని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2005 మే నెలలో ఇంకో రకంగా తెలిసింది. గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాఫ్ట్‌వేర్ వదిలింది. మీరు నొక్కబోయే లింకుల్ని ముందే తెరిచిపెట్టుకుని పేజీ తొందరగా చూపడం దాని పని. పాపం దానికి లింకంటే లింకే. "తొలగించు/12" అన్న లింకు కనిపించినా తెరిచింది. రైల్స్ పుట్టిన కంపెనీవాళ్ళ సొంత సైటులో కూడా జనం రాసుకున్నవి మాయమయ్యాయి. యూఆర్‌ఎల్ తెరిస్తే చూపించాలే గానీ దేన్నీ మార్చకూడదని వెబ్ కాయిదాల్లో అంతకుముందే రాసి ఉంది. అప్పటిదాకా ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు.

ఇక నా గల్తీకి అన్నలు. 2011 జూన్‌లో అమెరికాలో సిటీ బ్యాంకు తన క్రెడిట్ కార్డు ఖాతాదారుల వివరాలు దొంగల చేతికి పోయాయని ఒప్పుకుంది. 3,60,000 పైగా ఖాతాలు. అప్పటి పత్రికల కథనం ప్రకారం దొంగలు ఒక ఖాతాతో దర్జాగా లాగిన్ అయ్యారు. ఆ తర్వాత బ్రౌజర్ పతాలో కనిపించే ఖాతా సంఖ్యను మారుస్తూ పోయారు. మారుస్తూ పోయే పని ఒక చిన్న ప్రోగ్రాం చేసింది. 2019 మేలో ఫస్ట్ అమెరికన్ అనే పెద్ద కంపెనీ సంగతి జర్నలిస్టు బ్రయన్ క్రెబ్స్ బయటపెట్టాడు. అది ఇళ్ళు, జమీన్ల కాగితాలు చూసే కంపెనీ. లింకులో దస్తావేజు నంబరు మారిస్తే వేరేవాళ్ళ దస్తావేజు వచ్చేది, లాగిన్ కూడా అక్కర్లేదు. అట్లా తెరిచి ఉన్నవి దాదాపు 88 కోట్ల 50 లక్షల రికార్డులు. బ్యాంకు ఖాతాలు, పన్ను కాగితాలు, సంతకాలు.

వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2007 జాబితాలోనే ఈ లోపానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి నాలుగో స్థానంలో రాసింది. తర్వాత దీన్ని "అధికారం సరిచూడకపోవడం" అన్న పెద్ద ఖానాలో కలిపింది. 2021 జాబితాలో ఆ ఖానా మొదటి స్థానానికి వచ్చింది. పాత రోగాలు తగ్గుముఖం పడితే ఇది పైకి ఎక్కింది. పెద్ద వింతేం కాదు. అంకె ఉండాల్సిన చోట అంకే ఉందా అని ఫ్రేమ్‌వర్క్ చూడగలదు. ఈ రసీదు ఏ తల్లిదో దానికెట్లా తెలుస్తుంది?

మా అల్లుడు ఒకసారి అడిగాడు, వరస నంబర్ల బదులు ఎవరూ ఊహించలేని పొడుగాటి అక్షరాల గుంపు పెడితే సరిపోదా మామూ అని. మేలే. 412 పక్కన 413 ఉంటుందని ఎవరూ ఎక్కడం కట్టలేరు. కానీ పతా ఒకచోట ఆగే వస్తువు కాదు. బ్రౌజర్ హిస్టరీలో ఉంటుంది, జిరాక్స్ షాపువాడి కంప్యూటర్‌లో ఉంటుంది, సర్వర్ లాగ్‌లో పడుతుంది, గల్లీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేస్తారు. తాళంచెవిని చిత్రంగా చెక్కించి తలుపుకే వేలాడదీసినట్టు ఉంటుంది. ఇంట్లో ఎవరైనా స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే పతా వైపు ఒకసారి చూడండి. అందులో ఆధార్ నంబరో, ఫోన్ నంబరో ముఖం మీదే కనిపిస్తుంటే ఆ లింకు ఎవరికీ పంపొద్దు, నెట్ సెంటర్‌లో అయితే హిస్టరీ తుడిచి లేవండి. అంకె మార్చితే ఇంకొకరి కాగజ్ వస్తే, మూడోది చూడకుండా ఆపేసి ఆ దఫ్తర్‌కి రాయండి. ఆ ఆపా చేసింది అదే.

ఆ రాత్రే సైటు బంద్ చేశాను. మర్నాడు ఫోన్ నంబరుతో లాగిన్ పెట్టాను. "చూపు" ఫంక్షన్‌లో మార్చింది చాలా కొంచెం. ఇంతకుముందు రసీదులన్నిటిలో 412 వెతికేది. ఇప్పుడు లాగిన్ అయిన తల్లికో తండ్రికో చెందిన రసీదుల్లో మాత్రమే 412 వెతుకుతుంది. లేకపోతే "మీకు హక్కు లేదు" అనదు, "దొరకలేదు" అంటుంది. హక్కు లేదంటే అలాంటి రసీదు ఒకటి ఉందని ఒప్పుకున్నట్టే కదా. మాఫీ గీతను రసీదు మీంచి తీసేద్దామని ప్రిన్సిపల్ సాబ్‌ని అడిగాను. ఆడిట్‌కి కావాలన్నారు. కాసేపు వాదించుకున్నాక, ఆఫీసు నకలు మీద ఉంచి ఇంటికిచ్చే దాని మీద తీసేశాం.

ఆపా అడిగిన సవాల్ మాత్రం మిగిలింది. ఇంకెవరన్నా చూసుంటారా? పతాలో నంబరు ఉన్నందుకు ఒక్క ఫాయిదా ఏమిటంటే సర్వర్ లాగ్‌లో కూడా నంబరు పడుతుంది. లాగ్ 30 రోజులదే మిగిలింది. దాంట్లో ఆమె రసీదు మూడుసార్లు తెరుచుకుంది. రెండుసార్లు ఆమే, టైములు సరిపోయాయి. మూడోది ఒక మధ్యాహ్నం, వేరే ఫోన్ నుంచి.

ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడోది ఎవరో నేను చెప్పలేను ఆపా, మాఫ్ చేయండి అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆమె, "ఆ పక్కింటామెకు నేను చూసినట్టు చెప్పాల్నా వద్దా భాయ్?" అని అడిగింది.